మూడో లైను పదిహేడు ట్యూబులు

బుసాన్,
1987 ఆగస్టు 2, ఆదివారం.

అమ్మకు,

నీ రెండో కూతురు యోన్‌సిల్ వంగి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అంతా కులాసా. గదిలో నాతో ఉండే ముగ్గురూ కులాసా, మా మూడో కుట్టు లైనులో అరవై నలుగురమూ కులాసా. అక్కడ నువ్వూ, చెల్లి ఇప్‌బున్నూ కులాసాగా ఉన్నారనీ, నీ మోకాళ్ళు మొరాయించడం లేదనీ నమ్ముతున్నాను. సముద్రపు నాచు పని లేని ఈ నెలల్లోనైనా కాస్త కూర్చోమ్మా అంటే వినవు. ఆల్చిప్పల కోసం బురదలోకి దిగుతున్నావని చెల్లి రాసింది. రాసినందుకు దాన్ని తిట్టకు, రాయమన్నది నేనే.

నీ ఉత్తరం అంది మూడు వారాలు దాటింది. అందులో మూడు ప్రశ్నలు అడిగావు. రెండింటికి జవాబు తేలిక. మూడోదాని దగ్గరే కలం ఆగిపోతూ వచ్చింది. అందుకే ఈ ఆలస్యం.

సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. క్యాంటీనులో మొలకల చారు నీళ్ళలా ఉంటుందని అరిచి గోల చేశాక ఇప్పుడు అడుగున నాలుగు మొలకలు కనిపిస్తున్నాయి.

బుసాన్ వీధుల్లో పోలీసుల పొగ గుండ్లు పేలుతున్నాయని రేడియోలో విన్నాను, నువ్వు ఆ ఊరేగింపుల్లోకి వెళ్ళలేదు కదా అని అడిగావు. వెళ్ళలేదు. వెళ్ళాలని మాత్రం ఉండింది. వెళ్ళనిది భయపడి కాదు. కారణం కింద రాస్తాను.

మూడో ప్రశ్నకి ముందు ఇక్కడి సంగతులు తెలియాలి నీకు.

నేను ఆదివారాలు చర్చికి వెళ్తున్నానని మతం పుచ్చుకున్నాననుకున్నావట. లేదమ్మా. ఆ చర్చి నేలమాళిగలో పళ్ళ డాక్టరు చదువు చదివే పిల్లలు ఒక పెద్ద డాక్టరును పక్కన పెట్టుకుని మాలాంటివాళ్ళకు ఉచితంగా వైద్యం చేస్తారు. వాళ్ళలో నమ్ హేసుక్ అని ఒకమ్మాయి ఉంది. నాకన్నా ఏడాది పెద్దది, అయినా నన్ను మీరు అంటుంది. కిందటేడు ఆమె నా చేతిలో పదహారు పేజీల చిన్న పుస్తకం పెట్టింది. ఆ రాత్రికి రాత్రే చదివేశాను. పళ్ళు పోవడం వయసు వల్ల కాదని, తలరాత అసలే కాదని అందులో ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మన ఊళ్ళో నలభై దాటిన ఆడవాళ్ళంతా నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారే, అది వాళ్ళ సిగ్గని ఇన్నాళ్ళూ అనుకున్నాను. సిగ్గు కాదు, పళ్ళు లేకపోవడం! ఇది ఎవరూ మాకు చెప్పలేదేం?

ఇప్పుడు ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. పంటి మీద తెల్లగా మెత్తగా పట్టేది పాచి. తోమితే పోతుంది. వదిలేస్తే రాయిలా గట్టిపడి గారవుతుంది, అది ఇక బ్రష్షుకి లొంగదు, డాక్టరు గీకాల్సిందే. గార గీకిస్తే పళ్ళు కదులుతాయని మన ఊళ్ళో అంటారు కదా, అది తప్పు. చిగురు కింద దూరి ఎముకను తినేసేదే ఆ గార. పన్ను అప్పటికే కదిలిపోయి ఉంటుంది, గార అడ్డం పడి తెలియనివ్వదు. తోమేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తే చాలామంది అక్కడ తోమడం మానేస్తారు. మానకూడదు. పన్నూ చిగురూ కలిసే గీత మీద మెత్తటి బ్రష్షుతో ఓపిగ్గా తోమితే పది రోజుల్లో చాలామందికి ఆగుతుంది. ఆగకపోతే డాక్టరుకు చూపించాలి. నువ్వు రాళ్ళుప్పు వేలికద్దుకుని కరకరా రుద్దుతావు చూడు, దానివల్ల పళ్ళ మొదళ్ళు కోసుకుపోతాయి. భోంచేశాక గిన్నె అడుగు మాడులో కాచిన నీళ్ళు పుక్కిలించి మింగితే చాలదా అన్నావు. చాలదు. నోరు హాయిగా ఉంటుంది అంతే, పాచి కదలదు.

ఆ పుస్తకంలో ఒక్క చోట మాత్రం నాకు కోపం వచ్చింది. రోజుకు మూడు సార్లు, తిన్న మూడు నిమిషాల్లోపు, మూడు నిమిషాలసేపు తోమాలని రాశారు. మా లైనులో అరవై నాలుగు మంది. పెరట్లో కుళాయిలు మూడు. మధ్యాహ్నం విరామం నలభై నిమిషాలు, అందులో సగం క్యాంటీనులో చారు వరసకే పోతుంది. పుస్తకం తీసుకెళ్ళి హేసుక్ ముందు పెట్టి అడిగాను.

"ఇది రాసినాయన ఎప్పుడైనా కుళాయి దగ్గర వరసలో నిలబడ్డాడా?"

ఆమె ఎర్రబడుతుందనుకున్నాను. నవ్వేసింది. "నిలబడలేదండీ. మీరు నిలబడ్డారుగా, మీరే ఒక దారి చెప్పండి."

చెప్పాను. అన్నం డబ్బా మూతలో ముందే నీళ్ళు పట్టి పెట్టుకోవాలి. పెరట్లో కాలువ గట్టున వరసగా నిలబడి తోమాలి, ఉమ్మడం కాలువలోకి, పుక్కిలించడం మూతలో నీళ్ళతో. కుళాయితో పనే లేదు. మొదటిరోజు నేనొక్కదాన్నే నిలబడ్డాను. కార్ఖానా అంతా నవ్వింది. నెల తిరిగేసరికి పదిహేడు మందిమి అయ్యాం.

ఇంకొక సంగతి. కుట్టు లైనులో మేమంతా దారం పళ్ళతోనే తెంపుతాం, కత్తెర అందుకునే తీరిక ఉండదు. అలా తెంపీ తెంపీ ముందు పళ్ళ అంచున చిన్న గంట్లు పడతాయి. పదేళ్ళు కుట్టినవాళ్ళ గంట్లలో గోరు పడుతుంది. ఇది చూసి హేసుక్‌తో చెప్పాను. ఆమె పెద్ద డాక్టరుతో చెప్పింది. ఈ వసంతంలో పుస్తకం మళ్ళీ అచ్చయ్యింది, పదకొండో పేజీలో "దారం పళ్ళతో తెంపకండి, మెడలో చిన్న కత్తెర వేలాడదీసుకోండి" అని ఉంది. అది నా వాక్యమమ్మా. అక్షరం మార్చలేదు. ఆరో తరగతితో బడి మాన్పించావని ఎన్నోసార్లు నిన్ను సాధించాను. డాక్టర్లు వేసిన పుస్తకంలో నీ కూతురి వాక్యం ఉంది. ఈ కవరులోనే ఒక ప్రతి పెడుతున్నాను, ఆ పేజీ చెల్లి చేత చదివించుకో.

ఇక జూన్ సంగతి.

ఆ నెలలో ఊరంతా ఊరేగింపులు. పొగకు కళ్ళు మండకుండా కుర్రాళ్ళు కళ్ళ కింద టూత్‌పేస్టు పూసుకునేవాళ్ళు. జేబులో పేస్టు ట్యూబు దొరికితే చాలు, పోలీసులు వ్యానెక్కించేవాళ్ళు. మాకది గుర్తే లేదు. ఒక రోజు ఊళ్ళో పెద్ద గొడవ జరిగింది. మర్నాడు మేం పనిలో ఉండగా గేటు మనుషులొచ్చి సామాన్ల పెట్టెలన్నీ తెరిపించారు. మిగతా లైన్లన్నిట్లో కలిపి రెండు ట్యూబులు. మా ఒక్క లైనులో పదిహేడు!

బాంగ్ మేనేజరు గదిలోకి ఐదుగురిని పిలిచారు. నేనూ, నాకు అటూ ఇటూ కూర్చునే నలుగురూ. బల్ల మీద మా ట్యూబులన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కరి ముందూ ఒక తెల్ల కాగితం. ఇష్టపూర్వకంగా పని మానేస్తున్నానని దాని మీద సంతకం పెట్టాలి.

"పదిహేడు మంది, పదిహేడు ట్యూబులు! ఎవరు పంచారు?" అన్నాడు.

"ఎవరూ పంచలేదు. ఎవరిది వాళ్ళే కొనుక్కున్నారు. పళ్ళు తోముకోవడానికి," అన్నాను.

"కార్ఖానాలోనా? ఇంట్లో పళ్ళుండవా మీకు?"

నాతో వచ్చినవాళ్ళలో పోంగ్న్యే అక్క పెద్దది, ముప్పై ఒకటి. ఇద్దరు తమ్ముళ్ళను చదివిస్తోంది. ఆమె తన ముందున్న కాగితం దగ్గరికి లాక్కుంది. నాకు కోపం తల్లోకెక్కింది. "పళ్ళు తోముకుంటే ఉద్యోగం తీసేస్తారా? ఏ చట్టంలో ఉందో చూపించండి!" అని అరిచాను. అరవడంతో దవడ మీద కట్టుకున్న రుమాలు జారింది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఓహో. మరి ఆ వాపేమిటి? నిన్న లాఠీ ఎక్కడ తగిలింది తల్లీ, పోస్టాఫీసు దగ్గరా, స్టేషను దగ్గరా?"

అమ్మా, ఇక్కడ ఆగి నీకొక నిజం చెప్పాలి. మార్చిలో రాసిన ఉత్తరంలో నా పళ్ళు ముత్యాల్లా ఉన్నాయని రాశాను. అబద్ధం. కుడివైపు కింద దవడ పన్ను ఒకటి ఏడాది క్రితమే పుచ్చింది. మొదట చల్లటి నీళ్ళకు జివ్వుమనేది, తర్వాత వేడికి, తర్వాత ఊరికే. జనాన్ని కేకలేసి చర్చికి తీసుకెళ్ళేదాన్ని, నేను మాత్రం ఒక్కసారీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆ మర చప్పుడంటే నాకు ప్రాణం పోతుంది. అంతకన్నా, పన్ను పుచ్చిన మనిషి పళ్ళ పాఠం చెబితే ఎవరు వింటారు? లైనంతా నన్ను పళ్ళ పంతులమ్మా అని పిలుస్తుంది. ఆ పేరు నాకు ఇష్టం. ఊరేగింపు రోజున నేను వెళ్ళకపోవడానికి కారణం కూడా ఆ పన్నే, దుప్పటి కొరికి పట్టుకుని గదిలో పడుకున్నాను. దేశమంతా వీధిలో ఉంటే నీ కూతురు ఒక్క పన్నుకు ఓడిపోయి పక్కమీద ఉంది. తెల్లారేసరికి దవడ ఉబ్బింది. కందిరీగ కుట్టిందని అందరికీ చెప్పాను.

కందిరీగ అని మేనేజరుకీ చెప్పొచ్చు. నమ్మడు. నోరు మూసుకుంటే ఐదు సంతకాలు. నోరు తెరిస్తే ఏడాదిగా ఎవరికి పాఠాలు చెప్పానో ఆ నలుగురి ముందే నా పరువు పోతుంది. పోంగ్న్యే అక్క కలం అందుకోవడం కనిపించింది.

బల్ల దగ్గరికి వెళ్ళి మేనేజరు ముఖం ముందు నోరు తెరిచాను.

"ఇదేమిటి, ఇదేమిటి?" అని ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ఓక్ గారూ! మీరు చూడండి!"

గేటు దగ్గరుండే ఓక్ తాత టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పశువుల సంతలో చూసినట్టు తీరిగ్గా చూశాడు. "బాబుగారూ, ఇది లాఠీ దెబ్బ కాదు. పిప్పి పన్ను. చీము పట్టేసింది. మా ఆవిడకీ ఇలాగే అయ్యి మూడు రోజులు నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. పాపం, ఈ పిల్ల అరవగలుగుతోందంటేనే గొప్ప."

"పళ్ళు తోముకునేదానికి పన్నెందుకు పుచ్చింది?" అన్నాడు మేనేజరు. గట్టి ప్రశ్నే.

"పుచ్చాకే తోమడం నేర్చుకున్నాను. వీళ్ళకు పుచ్చకముందే నేర్పుతున్నాను," అన్నాను. ఆ మాట నేను ముందు అనుకున్నది కాదు, నోరు తెరిచి ఉంచితే అదే వచ్చింది. "నమ్మకపోతే మిగతా పదహారు నోళ్ళూ చూసుకోండి."

ఆయనకు ఒక్కటి చూడటమే ఎక్కువైంది. కాగితాలు సొరుగులో పెట్టేశాడు. కానీ ఊరు చల్లబడేదాకా పేస్టు లోపలికి రాకూడదన్నాడు. అందుకని మా ట్యూబులు ఓక్ తాత గదిలో మేకులకు వేలాడాయి, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీతో. మధ్యాహ్నం వెళ్ళి కాస్త బ్రష్షు మీద పెట్టించుకుని రావాలి. "ఇంత చాలా అమ్మాయ్? బఠాణీ గింజంత చాలని మీ పంతులమ్మ చెప్పింది," అని ఆయనే కొలిచి పెట్టేవాడు. ఊరు చల్లబడి నెలయ్యింది, ట్యూబులు వెనక్కి తీసుకోమంటే మాత్రం తాతే ఒప్పుకోవడం లేదు.

ఉద్యోగాలు నిలిచాయి. నా పరువు మాత్రం ఆ సాయంత్రానికే కార్ఖానా దాటింది. "పంతులమ్మా, కందిరీగ పంట్లో గూడు కట్టిందా?" అని రెండో లైను నుంచి ఎవరో అరిచారు. పడీ పడీ నవ్వారు. తిరిగి అరుద్దామంటే దవడ కదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం కాలువ గట్టుకు వెళ్ళకుండా మిషను దగ్గరే కూర్చున్నాను. నీ కూతురు అలా కూర్చోవడం నువ్వు చూసి ఉండవు.

పోంగ్న్యే అక్క వచ్చి నా ముందు నిలబడింది. ఆమె ఎప్పుడూ గోడ వైపు తిరిగి అన్నం తింటుంది. గర్వమని అనుకునేవాళ్ళం. మిషనులు ఆగి ఉన్నాయి, చుట్టూ పదిమంది ఉన్నారు. ఆమె నోట్లో వేళ్ళు పెట్టి పై వరస కట్టుడు పళ్ళు ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఐదు లేవే నాకు. ఇరవై రెండో ఏడే పోయాయి. ఇవి పెట్టుకుని నమలలేను, తీస్తే ఎవరైనా చూస్తారని గోడకేసి తింటాను," అంది. పళ్ళు లేక మాటలు గాలిగా వచ్చాయి. "నువ్వు మేనేజరు ముందే తెరిచావు. నాకేంటే సిగ్గు? మిగతావి ఉంటాయో పోతాయో చూడు."

"నేను డాక్టర్ని కాదక్కా."

"తెలుసులే, నీ పన్ను చూశాంగా. అయినా చూడు."

చూశాను. ఆమె తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత ఇంకొకరు. పుచ్చు ఎక్కడ, గార ఎక్కడ, చిగురు ఎక్కడ ఉబ్బిందో మాత్రం చెప్పాను, మిగతాది ఆదివారం అన్నాను. అంతకుముందు ఎంత బతిమాలినా చర్చికి ఇద్దరు వచ్చేవాళ్ళు. ఆ ఆదివారం పదకొండు మంది వచ్చారు. అందరూ కలిసి ముందు నన్నే కుర్చీలోకి తోశారు.

పీకేస్తారనుకున్నాను. హేసుక్ ఎక్స్‌రే చూసి, "వేర్లు గట్టిగా ఉన్నాయి, ఎందుకు పీకడం? నిలబెడదాం," అంది. మొదటివారం పంటికి చిన్న రంధ్రం చేసి చీము వదిలించి మందు పెట్టింది. నొప్పి ఎటు పోయిందో తెలియదు, కుర్చీలోనే ఏడ్చేశాను, హాయిగా. తర్వాత రెండు వారాలు సన్నటి సూదుల్లాంటివాటితో లోపలి కుళ్ళిన నరాన్ని శుభ్రం చేసింది. ఆపై రంధ్రాల్ని మూసి పైన సిమెంటు పెట్టింది. ఇవాళ మెరిసే లోహపు తొడుగు వేసింది. పోంగ్న్యే అక్కకు రెండు పళ్ళలో సిమెంటు నింపారు, గార గీకారు, చిగుళ్ళను కోయని కొత్త కట్టుడు పళ్ళకు అచ్చు తీసుకున్నారు. మిగిలిన పళ్ళన్నీ నిలుస్తాయన్నారు. ఆ మాట విన్నప్పుడు అక్క ముఖం నువ్వు చూడాల్సింది! నేనే చదివి డాక్టరైనంత గర్వపడ్డాను.

ఇక నీ మూడో ప్రశ్న.

మార్చి ఉత్తరంలోనే నీకొక పాఠం రాశాను. పెద్దల నోట్లో ఉండే కంటికి కనిపించని పురుగు పిల్లల నోట్లోకి వెళ్తుందనీ, అన్నం నమిలి పసిపిల్లలకు పెట్టడం అజ్ఞానమనీ, మన ఊరి పిల్లల పళ్ళన్నీ మీలాంటి తల్లులే పాడుచేశారనీ రాశాను. నువ్వు జవాబులో ఒక్క ముక్క రాయించావు. "నీకు తట్టు పోసిన శీతాకాలం బార్లీ గింజలు నేను నమిలే పెట్టాను. అయితే నీ పళ్ళు పాడుచేసింది నేనేనా?"

ఆ ఉత్తరం హేసుక్‌కు చూపించి అడిగాను, పుస్తకంలో ఉన్నది నిజమేనా అని. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. పురుగు అలా వస్తుందన్నది నిజమే, ఇప్పటి తల్లులు నమిలి పెట్టకపోవడమే మంచిది అంది. కానీ పురుగొక్కటే పంటికి కన్నం పెట్టలేదట. దానికి రోజూ తీపి కావాలి, పాచి కావాలి, పట్టించుకోని మనిషి కావాలి. ఎక్స్‌ట్రా పని చేసిన రోజుల్లో కార్ఖానా పంచే క్రీము రొట్టె తిని, నోరు కూడా కడుక్కోకుండా రెండేళ్ళు పడుకున్నది నేను. పన్ను నొప్పెట్టాక ఏడాది దాచింది నేను. ఆ మార్చి ఉత్తరం రాసే వేళకు పన్ను సలుపుతోంది. ఎవర్నో ఒకర్ని తిట్టాలనిపించింది. చదివిన మాట చేతిలో ఉంది, నువ్వు దూరంగా ఉన్నావు. అందుకు నిన్ను తిట్టాను.

నువ్వు పాడుచెయ్యలేదమ్మా. తట్టు పోసి గుటక పడని పిల్లకి బార్లీ గింజ మెత్తబడేదాకా నమిలింది నువ్వు. నీ పళ్ళు అరిగాయి, నేను బతికాను. పుస్తకం మూడోసారి అచ్చయ్యేటప్పుడు ఆ పేజీలో ఇంకో వాక్యం చేర్చమని అడిగాను, ఇలా పెట్టి పెంచిన తల్లుల్ని తప్పుపట్టవద్దని. పెద్ద డాక్టరు సరేనన్నాడు. అదీ నా వాక్యమే, కానీ నీదని చెప్పాను.

పదో తేదీ నుంచి కార్ఖానాకు ఐదు రోజులు సెలవు. మొదటి బస్సుకే బయలుదేరతాను. ఒకటే కోరిక. సంచీ పట్టుకుని ఊళ్ళు తిరిగే ఆ చోన్ గారు నీకు కట్టిన పళ్ళు చుట్టాలొచ్చినప్పుడు పెట్టుకుంటావు, అన్నం తినేటప్పుడు తీసేస్తావు. వాటిని పట్టి ఉంచే తీగ పక్క పళ్ళను కోస్తూంటుందని నాకు అనుమానం. వెలుతురున్నప్పుడు వసారాలో కూర్చోబెట్టి నీ నోరు చూస్తాను. నాన్న ఉన్నప్పుడు ఆయనకైనా చూపించావో లేదో నాకు తెలియదు. నాకు చూపించాలి. ఉన్నవాటిలో ఎన్ని నిలుస్తాయో చూసి నాతో బుసాన్ తీసుకొస్తాను. ఆదివారం కుర్చీలో నువ్వు కూర్చుంటే పక్కన నిలబడి చెయ్యి పట్టుకోవడానికి మూడో లైనంతా సిద్ధంగా ఉంది. పోంగ్న్యే అక్క ఇక్కడే పక్కన కూర్చుని అడుగుతోంది, అమ్మ వస్తోందా లేదా అని.

వస్తోందని చెప్పేశాను. నువ్వు నా మాట తీసెయ్యకు.

ఇట్లు,
నోరున్న నీ రెండో కూతురు
యోన్‌సిల్